గుడ్ మార్నింగ్ పెట్టని రోజు

సెలూన్‌లో ఒకావిడ కనుబొమ్మలకి దారం పట్టుకుని ఉండగా ఫోన్ వచ్చింది. అమలాపురం వైపు నంబరు. పని అయ్యాక చేద్దామని వదిలేస్తే మళ్ళీ మోగింది. కుర్చీలో కూర్చున్న ఆవిడ దగ్గర ఒక్క నిమిషం సెలవడిగి వెనక్కి వెళ్ళి ఎత్తాను.

"నేనండి, మీరు అక్కా అక్కా అనేవారే, ఆవిడ కూతుర్నండి," అంది అవతలి గొంతు. మూడో మాటకే ఏడుపు, నాలుగో మాటకి కోపం. "మా అమ్మ అన్నేళ్ళు మీ మస్కట్‌లో వండిపెట్టిందండి. పోయిందని మీ అందరికీ తెల్సంట. అమ్మ ఫోను చార్జింగ్ పెట్టి పక్కనే పెట్టుకు కూర్చున్నానండి. ఒక్కరంటే ఒక్కరు ఒక్క మెసేజ్ పెట్టలేదు. మా అమ్మకి అక్కడ ఎవరూ లేరా అండీ?"

ఆ అడిగిన తీరుకి నాకు మండుకొచ్చింది. మండిన మరుక్షణం కళ్ళనీళ్ళొచ్చాయి. సరిగ్గా ఇదే ప్రశ్న ఇంకొకరు ఆవిడనే మొహం మీద అడిగారు, ఒకప్పుడు. ఆ సంగతి ఈ పిల్లకి తెలియదు. "డ్యూటీలో ఉన్నానమ్మా, సాయంత్రం రూమ్‌కి వెళ్ళి నేనే చేస్తాను," అని పెట్టేశాను. మిగిలిన కనుబొమ్మ ఎలా తీశానో నాకే తెలియదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆవిడ ఎక్కడున్నా అడిగే మాట ఒకటుంది. "వరఖా ఫీ?" అని. అంటే కాగితం ఉందా అని. అరబ్బీ పండితులు ఇలా మాట్లాడరేమో గానీ ఇక్కడి వంటిళ్ళలోనూ సైట్లలోనూ మేమంతా మాట్లాడే అరబ్బీ ఇదే. ఇంటి సోదాకి వచ్చినా, ఫోను చూపించమన్నా, సంచి విప్పమన్నా ముందు కాగితం అడగాలని ఆవిడకి ఎవరో చెప్పారు. ఈ దేశపు చట్టంలో కూడా మనిషి ఉత్తరాలకీ ఫోన్లకీ కాపుదల ఉందని చదువుకున్నవాళ్ళెవరో చెప్తే ఆ మాటను కొంగున ముడేసుకుంది. ఇక అక్కడినుంచి దేనికైనా అదే. నేను ఆవిడ టిఫిన్ గిన్నె మూత తియ్యబోతే "వరఖా ఫీ?" బస్సులో ఎవరైనా కిటికీ పక్క సీటు అడిగితే "వరఖా ఫీ?" అనేసి నవ్వి, జరిగి, చోటిచ్చేది. గోదావరి జిల్లా మనిషి కదా, వెటకారం పాలతోపాటే వచ్చింది.

ఖురంలో సముద్రానికి దగ్గరగా ఒక పెద్ద ఇంట్లో వంట చేసేది. ఆ ఇంటి ముసలావిడని అందరిలాగే ఆవిడా "మామా" అనేది, అరబ్బీలో అమ్మ అని. మామాకి ఈవిడ చేపల పులుసంటే ప్రాణం. శుక్రవారం మధ్యాహ్నం సెలవు. ఆ పూట పులుసు గిన్నెతో మా రూమ్‌కి వచ్చేది. చలికాలమైతే అందరం కలిసి సముద్రం ఒడ్డుకి పోయేవాళ్ళం. ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళం, నాలాగా సెలూన్లో చేసే ఒకరిద్దరం. అక్కడ ఆవిడ మొదటి పని, ఐస్ పెట్టె మూత తీసి మా ముందు పెట్టడం.

"చెవులన్నీ ఇందులో పడెయ్యండే. తర్వాత మాట్లాడుకుందాం."

చెవులంటే ఫోన్లు. మా ఫోన్లన్నీ పులుసు గిన్నె పక్కన పడుకోవలసిందే. మూత బిగించాకే కష్టం సుఖం. శుక్రవారం సాయంత్రం మా ఫోన్లు చెవికి పెట్టుకుంటే వంజరం వాసన కొట్టేవి. "అబ్బ, మాకేం రహస్యాలున్నాయక్కా, దాచుకోడానికి?" అని ఒకసారి విసుక్కున్నాను. ఆవిడ నా వైపు తిరిగి కూర్చుంది.

"నీ బాత్రూమ్‌కి తలుపుందా?"

"ఉంది."

"లోపల దొంగతనం చేస్తున్నావా?"

నవ్వేశాను. "అంతేనే బాబూ. తప్పు చేసినోళ్ళకే తలుపులనుకుంటే ఎలాగ?" అని చేప ముక్క నా కంచంలో వేసింది.

ఆవిడకి చదువు అంతంతమాత్రం. ఫోను గురించి మాకంటే గొప్పగా తెలుసనీ కాదు. తాళం వెయ్యడం, వాయిస్ మెసేజ్ విన్నాక చెరిపెయ్యడం, మేడం అడిగితే ఫోను చేతికివ్వకుండా నవ్వుతూ తప్పుకోవడం, ఈ మూడే ఆవిడకొచ్చిన విద్యలు. కొత్తగా ఊరినుంచి దిగిన ప్రతి పిల్లకీ ఈ మూడూ నేర్పేది. ఇంటి దగ్గర మొగుడికి కూడా ఆ తాళం చెప్పకండి అనేది. దాంతో రెండు ఊళ్ళలో మొగుళ్ళు ఆవిడని తిట్టుకున్నారని విన్నాను.

కానీ ఆవిడని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇవేవీ కాదు, మిక్సీ చప్పుడు. మా రూమ్ ఒకటే గది, మూలన గట్టు, గట్టు మీద స్టవ్, మిక్సీ. ఎవరికైనా ఇంటినుంచి ఫోను వచ్చి, మాట సన్నబడి, గొంతు వణికిందంటే, ఈవిడ లేచేది. బయటికి పోదామంటే ఎండ. అందుకని గట్టు దగ్గరికి పోయి మా వైపు వీపు పెట్టి నుంచుని, జార్‌లో ఇన్ని పచ్చిమిరపకాయలు, కొబ్బరో పుట్నాలో ఏది దొరికితే అది వేసి మిక్సీ ఆన్ చేసేది. ఏడ్చేవాళ్ళు ఏడ్చుకునేవారు. వాళ్ళు కళ్ళు తుడుచుకునేదాకా ఆవిడ వెనక్కి తిరిగేది కాదు. తర్వాత "పచ్చడి కుదిరిందో లేదో చూడండే," అని అందరికీ పెట్టేది. మా రూమ్‌లో పచ్చడి నూరారంటే ఎవరో ఏడ్చారన్నమాట. "ఇవాళ ఏం పచ్చడి?" అని ఒకళ్ళనొకళ్ళం అడగడం మాకు తర్వాత్తర్వాత పరామర్శ అయిపోయింది.

ఎందుకింత పట్టింపు అని ఒకే ఒకసారి చెప్పింది, చేప ముల్లు తీసుకుంటూ. మామా ఇంటికి రాకముందు వేరే ఇంట్లో ఉండేదట. ఊళ్ళో మొగుడికి జబ్బు. ఈవిడ ఏడుస్తూ, బతిమాలుతూ, మొగుడూ పెళ్ళాలు అనుకునే నానా మాటలూ కలిపి వాయిస్ పంపింది. ఆ ఇంటి మేడం సరదాకి ఫోను తీసుకుని, హాల్లో చుట్టాల మధ్య ఆ వాయిస్ పెట్టించిందట. డ్రైవరు పక్కన నుంచుని అర్థం చెప్పాడు. ఈవిడ చేతిలో టీ ట్రేతో గుమ్మంలో ఉంది.

"నవ్వారే. చెడ్డోళ్ళేం కాదు. ఊసుపోక విన్నారంతే. నేను ట్రే అక్కడ పెట్టి లోపలికొచ్చేశాను. ఒంటిమీద బట్ట లేనట్టనిపించింది. చీర కట్టుకునే ఉన్నాను, అయినా చేత్తో తడుముకున్నాను."

మొగుడు ఆ నెల్లోనే పోయాడు. ఆయనతో తను అన్న ఆఖరి మాటలు ఆయనకంటే ముందు పరాయివాళ్ళు విన్నారని ఆవిడ బాధ. ఇక ఆ సంగతి ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

ఇంత చెప్పినా మేము వినని మాట ఒకటుండేది. గుడ్ మార్నింగులు. తెల్లారిందంటే మాకు దేవుడి బొమ్మ పంపకపోతే చెయ్యి ఆడదు. సోమవారం శివుడు, మంగళవారం ఆంజనేయుడు, శనివారం వెంకన్న, కింద గులాబీలు, శుభోదయం. బతికున్నానని చెప్పడానికి మాకు అదొక్కటే ఖర్చులేని దారి. ఆవిడ ఫోను పొద్దున్నే టింగు టింగుమని ఊపిరాడకుండా మోగేది.

"దేవుడికి దణ్ణం పెట్టుకోవాలంటే దేవుడికి పెట్టుకో. మధ్యలో నాకెందుకే? ఏదో ఒకరోజు మీ దేవుళ్ళే మిమ్మల్ని పట్టిచ్చేస్తారు, చూస్కోండి," అనేది. మేం పకపకా నవ్వి మర్నాడు ఇంకో రెండు ఎక్కువ పంపేవాళ్ళం.

అన్నంత పనీ అవబోయింది. రమణమ్మ అని కడప పిల్ల. తల్లి చనిపోయినా ఊరికి పంపలేదని పనిచేసే ఇంటినుంచి బయటికొచ్చేసింది. ఇక్కడ అలా వచ్చేస్తే యజమాని పారిపోయిందని ఫిర్యాదు పెడతాడు. దొరికితే మళ్ళీ ఆ ఇంటికో, కేసుకో. ఎంబసీలో కాగితాలు తయారయ్యేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలి. మస్కట్‌కి దూరంగా రుస్తాఖ్‌లో ఒక తెలుగు దర్జీ, భార్యాభర్తలు, దుకాణం వెనక గదిలో చోటిచ్చారు. ఆ చోటు చూసిపెట్టింది ఈవిడే. తీసుకెళ్ళి దింపినవాడు రాజన్న. జగిత్యాల మనిషి, లాండ్రీ వ్యాను నడుపుతాడు. ఖురంలో ఇంటింటి వంటింటి గుమ్మం అతనికి తెలుసు.

రమణమ్మకి దేవుడి పిచ్చి మా అందరికంటే ఎక్కువ. పొద్దున్నే వెంకటేశ్వరస్వామి బొమ్మ పంపి, కింద చెప్పకూడనిదంతా రాసేది. దర్జీ అన్నోళ్ళ ఇంట్లో బాగుండాను, రుస్తాఖ్‌లో ఎండ ఎక్కువుంది, అని. ఈవిడ ఫోన్ చేసి తిడితే ఆ పిల్ల ఏడుపు.

"తప్పైందిలేక్కా. పొద్దన్నే దేవుని బొమ్మ పంపకుంటే నా మనసు నిమ్మళంగా ఉండదుక్కా. నువ్వు చూసినావంటే నాకు ధైర్యమొస్తాది."

ఆ మాటకి ఈవిడ మెత్తబడిపోయింది. "సరే పంపు, రాతలు రాయకు," అంది. ఆ పిల్ల రాతలు మానలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం రాజన్న వ్యాను మా సెలూన్ ముందు ఆగింది. మనిషి మొహం పాలిపోయి ఉంది.

"అక్కా, పోలీసులొచ్చి మన అక్కను తీస్కపోయిన్రు. నేను గప్పుడే బట్టలకోసం పోయిన, నా కండ్ల ముంగటే. రమణమ్మ ఆఖరికి ఫోన్ జేసింది అక్కకేనట. ఫోన్ గుంజుకున్నరు. తాళం దియ్యుమంటే అక్క ఏమన్నదో ఎరికేనా? 'వరఖా ఫీ?' అన్నది. గా పోలీసాయనకు నవ్వొచ్చింది. కాగితం తెప్పిస్తం, అందాక ఫోన్ ఠాణలనే ఉంటదన్నడు."

ఫోనుకి తాళం ఉంది, నిజమే. కానీ తాళం వేసి ఉన్నా సరే, మెసేజ్ వస్తే గాజు మీద పేరూ, మొదటి వరసా వెలిగి ఆరిపోతాయి. అలా కనపడకుండా చేసుకోవచ్చని ఆవిడకి తెలియదు, మాకు అసలే తెలియదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పొద్దున్నే రమణమ్మ స్వామి బొమ్మ, కింద దర్జీ ఇల్లు, రుస్తాఖ్. ఆ వెంట మా అందరి పేర్లూ వరసగా, ఏ ఇంట్లో పనిచేస్తామో ఆరా తీసుకోడానికి వీలుగా.

"రేపు పొద్దుగాల!" అన్నాడు రాజన్న. ముందు తట్టింది నాకే. ఆ మాట అతను ఇప్పటికీ ఒప్పుకోడు.

మెసేజ్ పెట్టొద్దని మెసేజ్ పెడితే అదీ ఆ ఫోన్లోనే పడుతుంది. అందుకని నోటి మాటే. రాజన్న మాసిన బట్టలు తీసుకునే వంకన, ఉతికిన బట్టలు ఇచ్చే వంకన, గుమ్మం గుమ్మం తిరిగాడు. "రేపు ఎవ్వలు గుడ్ మార్నింగ్ వెట్టకున్రి. అక్క ఫోన్ ఠాణల ఉన్నది." అంతే. ఒకావిడ గోడవతలి ఆవిడకి చెప్పింది, ఆవిడ చెత్త పారెయ్యడానికి వెళ్ళి ఎదురింటావిడకి చెప్పింది. రుస్తాఖ్ దర్జీ దుకాణానికి మాత్రం నేనే సెలూన్ ఫోనునుంచి చేశాను. రమణమ్మ "నా వల్లేనా అక్కా?" అంది. "నీ వల్ల కాదు. రేపొక్కరోజు స్వామికి మనసులో చెప్పుకో," అన్నాను.

చెప్పానే గానీ నాకు నమ్మకం లేదు. చేతి అలవాటు మాట వినదు కదా. నిద్రకళ్ళతో, పాలు పొయ్యి మీద పెట్టి, చూసుకోకుండా నొక్కేస్తారు ఎవరో ఒకరు. మర్నాడు నాకే చెయ్యి రెండుసార్లు అటు పోయింది. ఫోను తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో పెట్టాను.

అక్కడేం జరిగిందో ఆవిడే తర్వాత చెప్పింది. ఎవరూ కసురుకోలేదట. ఒక ఆడ కానిస్టేబులు శాలువా ఇచ్చి పక్కనే కూర్చుందట. తాళం గురించి మళ్ళీ అడిగితే, ఈవిడ హిందీ తెలిసిన గుమాస్తాతో చెప్పించిందట: "నా సంగతులు ఏం కావాలన్నా అడగండి, చెప్తాను. అందులో ఉన్నవి నా ఒక్కదానివి కావు. ఇంకోళ్ళ ఏడుపు చూపించడానికి నేనెవర్ని?" ఫోను ఎదురుగా బల్ల మీద, టీ గ్లాసు పక్కన. తెల్లారగట్ల మసీదులో బాంగు అయింది.

"బాంగు అవగానే నా పై ప్రాణం పైనే పోయిందే. మీరంతా లేచే వేళ కదా. ఇదిగో మోగుద్ది, అదిగో మోగుద్ది అని ఆ గాజు మీద పెట్టిన చూపు తియ్యలేదు. ఒకపక్క మొక్కుకుంటన్నాను. ఏ దేవుడికి మొక్కాలో తెల్లేదు. వచ్చేదీ వాళ్ళే కదా!"

ఫోను మోగలేదు. ఎండ కిటికీలోకి వచ్చింది, టీ మళ్ళీ ఇచ్చారు, డ్యూటీలు మారాయి. ఆ నల్లటి గాజు నల్లగానే ఉంది. చివరికి ఆ ఆఫీసరుకే జాలేసిందో ఏమో, గుమాస్తాతో అడిగించాడట. "ఎంత చప్పుడు లేని ఫోనమ్మా నీది. తుమ్హారా కోయీ నహీఁ హై క్యా?"

నీకెవరూ లేరా అని.

"హై సాబ్. బహుత్ హై," అందట ఈవిడ. అని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చిందట. రాత్రంతా ఏడవని మనిషి. ఆ కానిస్టేబులు భయపడి నీళ్ళు తెచ్చింది. ఉన్నారు గనకే మోగలేదని వాళ్ళకెలా చెప్తుంది? కాగితం రాకముందే మామా చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి, మా వంటమనిషికి నేను పూచీ, ఇంట్లో పొయ్యి వెలగలేదు అని కూర్చుంది. పంపేశారు. ఫోను తాళం వేసినట్టే చేతికొచ్చింది. తర్వాత ఎంబసీ కాగితాలు వచ్చి, రమణమ్మ విమానమెక్కి ఊరికి పోయింది. ఆ పిల్ల ఊరికి చేరాక పెట్టిన మొదటి మెసేజ్ ఏంటో చెప్పాలా? స్వామి బొమ్మే.

ఆ శుక్రవారం ఆవిడ మాకు థాంక్స్ గీంక్స్ ఏమీ చెప్పలేదు. పులుసు గిన్నె దింపి, ఐస్ పెట్టె తెరిచి, "పడెయ్యండే చెవులు," అంది. కూర్చున్నాక మాత్రం ఒక్కొక్కరి బుగ్గ నిమిరింది. "ఇన్నేళ్ళు మొత్తుకుంటే వినలేదు, ఒక్కరోజు విన్నారు. రేపట్నుంచి మళ్ళీ మొదలెడతారు, నాకు తెలీదా ఏంటి?" అంది. మొదలెట్టాం. మర్నాడు శనివారం, ఏడుకొండలవాడు బారులు తీరి వచ్చాడు.

మోకాళ్ళు ఇక మెట్లెక్కనివ్వక ఆవిడ ఊరికి వెళ్ళిపోయింది. ఐస్ పెట్టె మాకే వదిలేసింది. పోయిందన్న కబురు రాజన్నే తెచ్చాడు, మళ్ళీ నోటితోనే, మళ్ళీ గుమ్మం గుమ్మానికీ. మర్నాడు పొద్దున నేను ఫోను చూశాను. ఒక్క బొమ్మ లేదు. ఓం శాంతి లేదు, కొవ్వొత్తి లేదు, గులాబీ లేదు. పెట్టొద్దని ఈసారి ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం రూమ్‌కొచ్చి ఆ పిల్లకి ఇదంతా చెప్పాను. అయిపోయాక అంది.

"వరఖా ఫీ అంటే ఇదా అండి? మా పాప అమ్మమ్మ ఫోను ముట్టుకుంటే చాలు, అలా అనేదండి. ఏదో అరబ్బు ముద్దుమాట అనుకున్నాం. పాప ఇప్పుడు బిస్కెట్ అడిగినా అదే అంటది."

నవ్వాను. తనూ నవ్వింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"ఇంకోటండి. అమ్మ ఫోను తాళం మాకు రావట్లేదు. ఫొటోలుంటాయి, గొంతుంటాది కదా, విందామని. రేపు బజార్లో మొబైల్ షాపోడు తీసేస్తానన్నాడు. మీకు తెలిస్తే చెప్తారనీ..."

నాకు తెలుసు. ఇక్కడుండగా మోకాళ్ళ ఆపరేషన్‌కి వెళ్ళినప్పుడు ఫోను నా చేతిలోనే పెట్టి, తాళం చెప్పి వెళ్ళింది. నేను తియ్యలేదు. ఇప్పుడు చెప్పనా, మాననా? తల్లి గొంతు వినాలనుకునే పిల్లకి కాదని ఏ నోటితో చెప్పను? వాయిస్‌లు చెరిపినా అందులో మిగిలిన రాతల్లో నా ఏడుపూ ఒకటుంది, రమణమ్మదీ ఉంది. నా మౌనం ఆ పిల్లకి ఏం చెప్పిందో తెలియదు.

"వద్దులెండి," అంది తనే. "షాపుకి ఎల్లనులెండి. మా దగ్గర వరఖా లేదు కదండీ."

అనేసి భోరుమంది. తల్లి పోయాక ఆ పిల్ల అంతలా ఏడవడం అదే మొదలేమో. నేను ఫోను కట్ చెయ్యలేదు. గట్టు మీద బోర్లా పెట్టి, అటు వీపు తిప్పి నుంచుని, జార్‌లో నాలుగు పచ్చిమిరపకాయలు వేసి మిక్సీ ఆన్ చేశాను. రూమ్‌లో ఎవరూ ఇవాళ ఏం పచ్చడని అడగలేదు.